బియ్యం సరే, పప్పు మాటేమిటి?

ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వచ్చే కూలీ ఆడవాళ్లకు డాక్టరు చెప్పే మాట ఏ ఊళ్లోనైనా ఒకటే. "రక్తం తక్కువగా ఉందమ్మా. పాలు, గుడ్లు, పండ్లు, ఆకుకూరలు బాగా తీసుకోవాలి." ఆమె తలూపి మాత్రలు తీసుకుని బయటికొస్తుంది. వరండాలో కూచున్న తోటి కూలీతో "అవన్నీ తినేదాన్నయితే ఈడికెందుకొస్తానక్కా?" అంటుంది. ఇద్దరూ నవ్వుకుంటారు.

డాక్టరు చెప్పింది తప్పు కాదు. ఆమె అన్నదీ తప్పు కాదు. పేదల తిండి గురించిన చర్చలన్నీ ఈ రెండు మాటల మధ్యే ఎక్కడో తెగిపోతున్నాయి. వీళ్లకు తినటం తెలియదని ఒకరంటారు. కూలి పెరిగితే తప్ప ఏమీ చెయ్యలేమని ఇంకొకరంటారు. కూలి పెరగవలసిందే, అందులో రాజీ లేదు. కానీ కూలి పెరిగేదాకా కడుపుతో ఉన్న మనిషి ఆగలేదు, పాలు మానిన బిడ్డ ఆగలేడు. అందుకే ఉన్న డబ్బులో ఏం చెయ్యొచ్చు, ఎక్కడ డబ్బుతో పనే లేదు, ఎక్కడ సర్కారును నిలదీయాలి అనేవి విడివిడిగా చూసుకోవాలి.

2019-21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క ఇది. 15 నుంచి 49 ఏళ్ల మధ్య ఆడవాళ్లలో రక్తహీనత ఉన్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 59 మంది, తెలంగాణలో నూటికి 58 మంది. ఆరు నెలలు నిండి అయిదేళ్లు దాటని పిల్లల్లో తెలంగాణలో నూటికి 70 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 63 మంది. అయిదేళ్ల లోపు పిల్లల్లో దాదాపు ముగ్గురిలో ఒకరు వయసుకు తగ్గ ఎత్తు ఎదగలేదు. దేశానికి అన్నపూర్ణ అని మనం చెప్పుకునే నేల మీద పరిస్థితి ఇది. గోదాములు నిండిన చోటే ఒంట్లో రక్తం లేదు.

కంచంలో ఏముంది?

కూలికి పోయే ఏ ఇంట్లోనైనా అడిగి చూడండి. తెలంగాణలో అయితే "ఏముంటదమ్మా, పొద్దుగాల చాయ్, పగటీలి అన్నంల పచ్చిపులుసో తొక్కో, రాత్రికి గదే" అంటారు. కోస్తాలో అయితే "పొద్దున్నే క్యారేజీలో అన్నం, గోంగూర పచ్చడో మాగాయో ఏసుకుని పోతాం, రాత్రికి చారు" అంటారు. యాస మారింది గానీ కంచం మారలేదు. అన్నం కుప్పగా ఉంటుంది. దాని పక్కన కారం, పులుపు, ఉప్పు ఉంటాయి. అవి ముద్ద దిగటానికి పనికొస్తాయి, ఒంటికి పట్టేది తక్కువ.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. ఆ అన్నం కుప్పను చిన్నబుచ్చే హక్కు ఎవరికీ లేదు. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చినప్పుడు, అంతవరకు ఎండాకాలం వస్తే అంబలితో, గంజితో, ఒక్కోసారి మంచినీళ్లతో పడుకున్న వాడల్లో రెండుపూటలా పొయ్యి వెలిగింది. ఆ తర్వాత ధరలు పెరిగాయి, తగ్గాయి. 2013లో ఆహార భద్రత చట్టం వచ్చింది. 2023 జనవరి నుంచి ఆ చట్టం కింద మనిషికి నెలకు అయిదు కిలోల ధాన్యం ఉచితమైంది. తెలంగాణ ఆరు కిలోలు ఇస్తోంది, 2025 వసంతం నుంచి సన్నబియ్యమే ఇస్తోంది. ఉచిత బియ్యంతో కూలీలు సోమరిపోతులవుతున్నారని అరుగుల మీద కూచుని మాట్లాడే పెద్దమనుషులు ఒక్కసారి నాట్లకు వంగి చూస్తే ఆ మాట మానేస్తారు. భారత వైద్య పరిశోధన మండలి 2020లో వేసిన లెక్క ప్రకారం బరువు పని చేసే మగవాడికి రోజుకు 3,470 కేలరీలు, ఆడమనిషికి 2,720 కేలరీలు కావాలి. అందులో చాలాభాగం బియ్యమే ఇస్తోంది. బియ్యం ఆపితే ఆకలి తిరిగి వస్తుంది.

కానీ కేలరీలు ఒక లెక్క, ఒంటికి కావలసింది ఇంకో లెక్క. అదే మండలి ప్రకారం ఆడమనిషికి రోజుకు 46 గ్రాముల మాంసకృత్తులు, 29 మిల్లీగ్రాముల ఇనుము అవసరం. నాలుగు వందల గ్రాముల తెల్లబియ్యం వండుకు తింటే వచ్చే మాంసకృత్తులు సుమారు 30 గ్రాములు, అవీ అరకొర రకం. ఇనుము మూడు మిల్లీగ్రాములు కూడా రాదు. ఇంకా తిందామంటే కడుపులో చోటుండదు. కడుపు నిండినా ఒంట్లో సత్తువ లేకపోవటానికి మూలం ఇక్కడుంది.

జొన్నలు తింటే సరిపోతుందా?

ఈ మధ్య ఒక ఫ్యాషను మొదలైంది. మన తాతలు జొన్నలు, సజ్జలు, కొర్రలు తిని ఉక్కుముక్కల్లా ఉన్నారనీ, బియ్యం వచ్చి మనల్ని పాడుచేసిందనీ టీవీల్లో చెబుతున్నారు. 2023ను ఐక్యరాజ్య సమితి చిరుధాన్యాల సంవత్సరమని ప్రకటించాక ఈ పాట ఇంకా పెరిగింది. ఇందులో సగం నిజం. సజ్జల్లో ఇనుము తెల్లబియ్యం కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. రాగుల్లో 100 గ్రాములకు కాల్షియం 340 మిల్లీగ్రాములకు పైగా ఉంటే, బియ్యంలో పదికి అటూ ఇటూ. కొర్రల్లో, జొన్నల్లో మాంసకృత్తులు బియ్యం కన్నా ఎక్కువే.

రెండో సగం ఎవరూ చెప్పరు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు డాక్టర్ సి. గోపాలన్, డాక్టర్ ఎస్.జి. శ్రీకాంతియా 1960లో బయటపెట్టిన విషయం ఒకటుంది. తెలంగాణలో జొన్నలే ప్రధానంగా తినే పేదల్లో పెల్లాగ్రా అనే జబ్బు వస్తోందని వాళ్లు గమనించారు. ఎండ తగిలే చోట, మెడ మీద, చేతుల మీద చర్మం నల్లగా మాడిపోతుంది. విరేచనాలవుతాయి. ముదిరితే మతి చలిస్తుంది. జొన్నలో లూసిన్ అనే పదార్థం ఎక్కువగా ఉండటమే ఇందుకు కారణమని వాళ్లు ప్రతిపాదించారు. ఆ వాదం మీద తర్వాత శాస్త్రజ్ఞుల్లో చాలా తర్జనభర్జన జరిగింది. ఒక్క విషయంలో మాత్రం తేడా లేదు. జొన్నరొట్టెతో పాటు పాలు, పప్పు, మాంసం దొరికిన ఇంటికి ఆ జబ్బు పోలేదు. రొట్టె, పచ్చిమిరపకాయ తప్ప ఇంకేం లేని ఇంటికే పోయింది. అంటే దొర తిన్నదీ జొన్నరొట్టే, జీతగాడు తిన్నదీ జొన్నరొట్టే. చర్మం మాడింది జీతగాడికే.

కోస్తాలో కథ బియ్యంతో నడిచింది. మిల్లు మర పట్టిన పచ్చిబియ్యం తినే ఉత్తర సర్కారు జిల్లాల్లో బ్రిటిషు కాలంలో బెరిబెరి ఊళ్లకు ఊళ్లను పట్టుకుంది. పై పొరలో ఉండే బి1 విటమిను తవుడుతో పాటు పోయింది, మిగిలింది గంజితో పోయింది. మన జాతీయ పోషకాహార సంస్థ పుట్టిందే ఆ జబ్బు మీద విచారణతో. 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాదుకు వచ్చింది.

కాబట్టి బియ్యం చెడ్డది, జొన్న మంచిది అన్న తగువు పేదవాడికి అనవసరం. ఏ గింజనైనా ఒక్కదాన్నే తిని బతకమంటే జబ్బు వస్తుంది. గింజ పక్కన ఏముంది అన్నదే అసలు ప్రశ్న.

పక్కన ఉండేది ఎక్కడికి పోయింది?

ఒకప్పుడు ఆ పక్కన ఉండేది అంగట్లో కొన్నది కాదు, చేలోంచి వచ్చింది. తెలంగాణ చెలకల్లో జొన్న ఒక్కటే వేసేవారు కాదు. మధ్య సాళ్లలో కంది, పెసర, అలసంద, అనుములు పోసేవారు. రాయలసీమలో వేరుశనగ చేలో కంది, అనుము, ఆముదం సాళ్లు వేసేవారు. గట్టు మీద నాలుగు గోంగూర మొక్కలు, రెండు బెండ మొక్కలు ఉండేవి. వాన ఎగ్గొడితే ఒక పంట పోయినా ఇంకొకటి దక్కేది. కూలీకి కూడా గింజల్లోనే కూలి దక్కేది. అది న్యాయమైన కూలి అని నేననటం లేదు, ఆ కొలతల్లో జరిగిన మోసం పెద్దవాళ్లందరికీ తెలుసు. కానీ ఆ కొలతలో కందులు, పెసలు కూడా ఇంటికి చేరేవి.

ఇవాళ తెలంగాణలో పత్తి ఒక్కటే నలభై లక్షల ఎకరాలు దాటి వేస్తున్నారు. 2024 వానాకాలంలో వరి అరవై లక్షల ఎకరాలు దాటింది. ఒకటి తినేది కాదు, రెండోది రేషను షాపులోనూ దొరుకుతుంది. దీనికి రైతును తిట్టి లాభం లేదు. వరికి మద్దతు ధర ఇచ్చి కొనే కేంద్రం ఊళ్లో ఉంటుంది. కందికి మద్దతు ధర కాగితం మీద ఉంటుంది. రైతు ఏది కొంటే అది పండిస్తాడు.

ఇంకో నష్టం గురించి ఎవరూ మాట్లాడరు, ఎందుకంటే అది ఏ లెక్కలోనూ లేదు. కలుపు తీయటానికి పోయిన ఆడవాళ్లు సాయంత్రం కొంగులో ఆకు కట్టుకుని వచ్చేవారు. గంగవాయిలి, పొన్నగంటి, చెంచలి, గునుగు, తుమ్మి, అటికమామిడి. చేను యజమానికి అది కలుపు, కూలీకి అది కూర. పైసా ఖర్చు లేదు. జహీరాబాదు ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు ఇలా విత్తకుండా మొలిచే ఆకుకూరలను గుర్తుపెట్టి ఎన్నో రకాలు నమోదు చేశాయి. ఇప్పుడు ఆ చేలల్లో కలుపు మందు కొడుతున్నారు. అనుమతి లేకుండా అమ్మే, కలుపు మందును తట్టుకునే పత్తి విత్తనాలు వచ్చాక ఇది మరీ పెరిగింది. కలుపు తీసే నెల రోజుల కూలి పోయింది. ఆ కూలితో పాటు కొంగులో వచ్చే కూరా పోయింది. ఒకే డబ్బా మందు ఆడకూలీ రెండు చేతుల్నీ ఖాళీ చేసింది. అన్నట్టు, మందు కొట్టిన చేలో మిగిలిన ఆకు ఎంత పచ్చగా కనబడినా కోసుకోవద్దు. పశువులకూ వెయ్యవద్దు.

చేలో లేనిది అంగట్లో కొనాలి. సరే, ఎంతవుతుంది? జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో మనిషికి రోజుకు 85 గ్రాముల పప్పుధాన్యాలు అని ఉంది. నలుగురున్న ఇంటికి నెలకు పది కిలోలు. కిలో 120 రూపాయలు వేసుకున్నా 1,200 రూపాయలు. మనిషికి రోజుకో గుడ్డు అంటే నెలకు 120 గుడ్లు, గుడ్డు ఏడు రూపాయలైతే 840. నూనె ఇంకో నాలుగైదు వందలు. అంతా కలిపి రెండున్నర వేలు. 2025-26 సంవత్సరానికి ఉపాధి హామీలో రెండు రాష్ట్రాలకూ నిర్ణయించిన కూలి రోజుకు 307 రూపాయలు. అంటే ఎనిమిది రోజుల పైచిలుకు కూలి పప్పు, గుడ్డు, నూనెలకే పోవాలి. ఆ పథకం కింద 2024-25లో దేశం మొత్తం మీద ఒక కుటుంబానికి సగటున దొరికింది ఏడాదికి 50 రోజుల పనే. అందులోంచి మందులు, చదువు, అప్పుల వడ్డీ, పెళ్లిళ్లు, చావులు. ఇదంతా పోగా పప్పు డబ్బా అడుగంటక ఏం చేస్తుంది?

ఉన్నదాంట్లో చెయ్యగలిగింది

అయినా కొంత మన చేతుల్లో ఉంది. ఇది కూలి పోరాటానికి బదులుగా చెప్పటం లేదు, దానితో పాటు చెబుతున్నాను.

కందిపప్పు ఒక్కటే పప్పు అన్న భ్రమ వదలాలి. బజార్లో చౌకగా ఉన్న పప్పుధాన్యం ఏదైతే అది కొనుక్కోవచ్చు. పెసలు, అలసందలు, శనగలు, ఉలవలు అన్నింట్లోనూ మాంసకృత్తులు ఇంచుమించు సమానమే, నూటికి 20 నుంచి 25 పాళ్లు. ముఖ్యంగా ఉలవలు. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఎడ్లకు ఉలవలు ఉడికించి పెట్టి, ఆ నీళ్లు చారు కాచుకునేవారు. గింజ ఎద్దుకు, నీళ్లు మనిషికి! ఇప్పుడు ఆ చారు పెద్ద హోటళ్లలో మీగడ వేసి అమ్ముతున్నారు. మనం మాత్రం గింజ కూడా తినాలి, గుగ్గిళ్లు చేసుకుని. పొట్టుతో ఉన్న పెసలు రాత్రి నానబెట్టి గుడ్డలో మూట కడితే మర్నాటికి మొలకలొస్తాయి, పొయ్యితో పని తక్కువ.

అన్నంలో పప్పు కలవటంలో ఇంకో మర్మం ఉంది. బియ్యంలోని మాంసకృత్తులకు లేని ముక్క పప్పులో ఉంటుంది, పప్పుకు లేనిది బియ్యంలో ఉంటుంది. రెండూ ఒకే పూట తింటే రెంటి విలువా పెరుగుతుంది. మన పెద్దలు పప్పన్నం అన్నది ఊరికే కాదు. పులగం, కిచిడీ, పెసరట్టు అన్నీ ఈ లెక్కే. వారానికి ఒక్కనాడు గట్టి పప్పు చేసి ఆరునాళ్లు నీళ్ల చారు తాగటం కంటే, రోజూ గుప్పెడు పప్పు ఆకుకూరలో వేసి వండుకోవటం మేలు.

వేరుశనగ పల్లీలు పేదవాడి జీడిపప్పు. పిల్లవాడి చేతిలో అయిదు రూపాయలు పెడితే కిరాణా కొట్లో వేలాడే గాలి పొట్లం కొనుక్కుంటాడు. అందులో ఉన్నది ఉప్పు, నూనె, గాలి. అదే అయిదు రూపాయలకు రెండు మూడు గుప్పిళ్ల వేయించిన పల్లీలు వస్తాయి. ఆ పొట్లం అమ్మేవాడు మారుమూల తండా దాకా బండి వేసుకుని వస్తున్నాడు, మన ఐ.సి.డి.ఎస్. సరుకు మాత్రం దారిలోనే ఆలస్యమవుతుంది.

ఆకుకూర కొనే పని లేదు, ఇంటి ముందు జానెడు జాగా ఉంటే. మునగ కొమ్మ ఒకటి పాతితే ఏడాది తిరిగేసరికి చెట్టు. మనం కాయ తిని ఆకు పారేస్తాం. ఆకులోనే కాల్షియం 100 గ్రాములకు 300 మిల్లీగ్రాములు దాటి ఉంటుంది, కంటిచూపును కాపాడే ఎ విటమినుకు కావలసిన సరుకూ పుష్కలం. తోటకూర కూడా అంతే. గిన్నెలు కడిగిన నీళ్లు చాలు వాటికి. ఒక్క జాగ్రత్త, ఆకుకూరలో చెంచాడు నూనె పడాలి. నూనె లేకపోతే ఆ ఎ విటమిను సరుకు ఒంటికి పట్టదు.

మాంసం మాటకొస్తే మన దేశంలో దానికీ కులం ఉంది. పెద్దకూర తినేవాళ్ల తిండిని తక్కువగా చూసేవారే పోషకాహారం మీద ఉపన్యాసాలిస్తారు. మాలమాదిగ వాడల్లో, ముస్లిముల ఇళ్లలో తక్కువ ఖర్చుతో రక్తం పట్టించిన తిండి అది. సంతల్లో పశువుల బండ్లను ఆపి దౌర్జన్యం చేసేవాళ్లు పేదవాడి కంచం మీదే చెయ్యి వేస్తున్నారు. అమ్మే కొట్లో కార్జం దొరికితే వదలవద్దు, ఇనుముకు దాన్ని మించింది లేదు. ఎండు మెత్తళ్లు, ఎండు రొయ్య పొట్టు ముళ్లతో సహా నలిగి కూరలో పడితే కాల్షియం దక్కుతుంది. గుడ్ల ఉత్పత్తిలో దేశంలో ముందున్నది ఆంధ్రప్రదేశే. ఆ కోళ్లఫారాల్లో పనిచేసే కూలీ ఇంట్లో వారానికి ఎన్ని గుడ్లు ఉడుకుతున్నాయో అడిగితే తెలుస్తుంది ఆ అభివృద్ధి ఎవరిదో.

వంటలో డబ్బు ఖర్చు లేని మార్పులు కొన్ని ఉన్నాయి. బియ్యం నాలుగైదు సార్లు కడగవద్దు. గంజి వార్చి పారబోయవద్దు. అత్తెసరు పెట్టుకోండి, లేదా వార్చిన గంజిలో ఉప్పు వేసుకుని తాగండి. 2024 మార్చి నాటికి దేశమంతా రేషను బియ్యంలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 చేర్చిన గింజలు కలిపి ఇవ్వటం పూర్తయిందని కేంద్రం ప్రకటించింది. ఆ గింజలు నీళ్లలో తేలుతుంటే ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారేసినవాళ్లు చాలామంది. ప్లాస్టిక్ కాదు, బియ్యప్పిండితో చేసినవే. అయితే పప్పు ఇవ్వకుండా గింజలో మందు కలిపి చేతులు దులుపుకోవటం ఎంతవరకు సబబు అన్నది వేరే ప్రశ్న. తలసీమియా, సికిల్ సెల్ జబ్బులున్నవాళ్లు, ముఖ్యంగా ఏజెన్సీ ప్రాంతాల్లో, ఈ విషయంలో డాక్టరును అడిగి తెలుసుకోవాలి.

అన్నం తిన్న వెంటనే చాయ్ తాగితే తిన్న ఇనుము ఒంటికి పట్టకుండా పోతుంది. ఒక గంట ఆగండి. అన్నంలో నిమ్మకాయ పిండుకుంటే, ఓ జామకాయ కొరికితే పట్టేది పెరుగుతుంది. పొలంలో వట్టి కాళ్లతో తిరిగేవాళ్లకు కొంకి పురుగు అరికాలి గుండా లోపలికి పోయి పేగుల్లో రక్తం తాగుతుంది. రక్తహీనతకు ఒక్కోసారి తిండి కన్నా ముందు చెప్పులు, మరుగుదొడ్డి, నులిపురుగు మాత్ర కావాలి.

ఇక ఇంటి లోపలి సంగతి. అందరికీ పెట్టి చివర్న తినేది ఇల్లాలు. అడుగున ఏం మిగిలిందో అదే ఆమెకు. గుడ్డు ఒక్కటే ఉంటే ముందు మొగుడికి, తర్వాత కొడుక్కి. కూతురు చూస్తూ కూచుంటుంది. నాట్లేసి, కలుపు తీసి, వచ్చి వంట చేసి, నీళ్లు మోసిన మనిషికి, పైగా నెల నెలా రక్తం పోయే మనిషికి, మగవాడి కన్నా ఇనుము పది మిల్లీగ్రాములు ఎక్కువ కావాలి. సంఘాల్లో పనిచేసే మన మగ కార్యకర్తలు కూడా ఇంటికెళ్లి తమ కంచం, భార్య కంచం పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. సారా సంగతి ఎత్తితే ఇంకో వ్యాసమవుతుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు ఎందుకు లేచారో గుర్తుంటే చాలు. సాయంత్రం బెల్టుషాపులో పోయేది మర్నాటి పప్పే.

సర్కారు చెయ్యవలసింది

గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీలో పూట భోజనం, గుడ్డు, పాలు ఇచ్చే పద్ధతి రెండు రాష్ట్రాల్లోనూ వచ్చింది. తెలంగాణలో ఆరోగ్యలక్ష్మి 2015 జనవరిలో మొదలైంది. మంచి పథకమే. కానీ అంగన్‌వాడీ వేళకు కూలి తల్లి చేలో ఉంటుంది. నాట్ల రోజుల్లో పని మానుకుని గుడ్డు కోసం వస్తే కూలి పోతుంది. వేళలు మార్చమని, లేకుంటే క్యారేజీలో ఇవ్వమని అడగాలి. ఈ తిండి వండి పెట్టే అంగన్‌వాడీ ఉద్యోగినులు జీతం పెంచమని ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబరు నుంచి 42 రోజులు సమ్మె చేయవలసి వచ్చింది, వాళ్ల మీద ఎస్మా ప్రయోగించారు. అక్కడిచ్చే ఇనుము మాత్రలో ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. 1945లో దాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి నాయకత్వం వహించింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. మాత్ర వేసుకుంటే వికారమని పారేసేవాళ్లు అన్నం తిన్నాక రాత్రి పడుకునే ముందు వేసుకుంటే తేలిక.

అసలు డిమాండు రేషను షాపు దగ్గర ఉంది. ఇది ఎక్కడా లేని గొంతెమ్మ కోరిక కాదు. తమిళనాడు 2007 నుంచి ప్రత్యేక పథకం కింద కార్డుకు కిలో కందిపప్పు 30 రూపాయలకు, లీటరు పామాయిలు 25 రూపాయలకు ఇస్తూ వచ్చింది. కర్ణాటక దక్షిణ జిల్లాల్లో రాగులు, ఉత్తరాన జొన్నలు రేషనులో ఇస్తోంది. మన దగ్గరా 2013లో ఉమ్మడి రాష్ట్రంలో అమ్మహస్తం పేరుతో 185 రూపాయలకు తొమ్మిది సరుకులిచ్చారు, అందులో కందిపప్పు, నూనె ఉన్నాయి. రాష్ట్రం విడిపోయాక ఆ సంచీ చిక్కిపోయి చివరికి బియ్యమే మిగిలింది. ఆంధ్రప్రదేశ్‌లో సబ్సిడీ కందిపప్పు ఇస్తామనటం, నెలలు గడిచినా స్టాకు రాలేదనటం మామూలైంది. సర్కార్లు మారాయి, స్టాకు మాట మారలేదు.

ఈ పప్పు ఎక్కడి నుంచి తేవాలి అంటారు. మన రైతు దగ్గరి నుంచే. 2015లో కందిపప్పు కిలో 200 దాకా పోయింది. దళారీలు గుట్టలు పోసి దాచారు. ఆ ధర చూసి 2016లో రైతులు కంది విరివిగా వేశారు. పంట మార్కెట్టుకు వచ్చిన 2017 మొదట్లో క్వింటాలు 5,050 రూపాయల మద్దతు ధర ప్రకటనలోనే ఉంది, మార్కెట్టులో రైతు చేతికి అంతకన్నా బాగా తక్కువే వచ్చింది. విదేశాల పప్పు కూడా అదే సమయంలో ఓడల్లో దిగింది. తినేవాడు ఏడ్చిన ఏడాది రైతుకు పంట లేదు. రైతు ఏడ్చిన ఏడాది తినేవాడికి చౌక కాలేదు. మధ్యలో మిల్లరు, వ్యాపారి రెండేళ్లూ నవ్వారు. కూలీ ప్రయోజనం వేరు, రైతు ప్రయోజనం వేరు అనేవాళ్లకు ఈ మూడేళ్ల చరిత్ర చాలు.

2025-26కు కంది మద్దతు ధర క్వింటాలుకు 8,000 రూపాయలుగా నిర్ణయించారు. నాలుగేళ్లపాటు కంది, మినుము, మసూరు రైతులు తెచ్చినంతా కొంటామని కేంద్రం 2025 బడ్జెట్టులో చెప్పింది. అలా కొన్న కందులు ఏ గోదాముకో పోయి, తిరిగి వేలంలో వ్యాపారికే చేరకుండా, ఇక్కడే పప్పు మర పట్టించి కార్డుకు నెలకు రెండు కిలోలు ఇవ్వమనాలి. 1990లలో జహీరాబాదు ప్రాంతంలో మహిళా సంఘాలు బీడు భూముల్లో జొన్నలు పండించి, ఊళ్లోనే నిల్వచేసి, ఊళ్లోనే పేదలకు చౌకగా అమ్మి చూపించాయి. లారీ అక్కర్లేదు, దళారీ అక్కర్లేదు. సొంత పాతరలో గింజ ఉంది. చదువురాని దళిత స్త్రీలు నడిపిన పద్ధతి పౌర సరఫరాల శాఖకు చేతకాదంటే నమ్మగలమా?

కంది కోతలు డిసెంబరు, జనవరి నెలల్లో వస్తాయి. కొనుగోలు కేంద్రం తెరిచేసరికి సగం పంట వ్యాపారి కల్లంలోకి పోతుంది, ఏటా జరిగేది ఇదే. అందుకని రైతు సంఘం, వ్యవసాయ కార్మిక సంఘం కలిసి నవంబరు లోపే మండల కేంద్రంలో రెండు అర్జీలు ఒకేసారి ఇవ్వాలి. ఒకటి కొనుగోలు కేంద్రం కోసం, రెండోది రేషను షాపులో పప్పు కోసం. అర్జీ ఇచ్చేటప్పుడు రసీదు అడిగి తీసుకోవాలి.